నీలి ఆకు – నీడ తోట : ఒక పరిశీలన

'ఛాయ' అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నవి. ఒకటి నీడ, రెండవది వన్నె. 'చెట్టు ఛాయ' అన్నప్పుడు మనకు నీడ స్ఫురిస్తుంది. 'పసుపు ఛాయ' అన్నప్పుడు, 'చామనఛాయ' అన్నప్పుడు రంగు స్ఫురిస్తుంది. ఉర్దూలో నీడను 'సాయా' అంటారు. అది పారసీకం నుండి వచ్చిన మాట. సంస్కృతంలోని ఛాయ, పారసీకంలోని సాయా ఒకే ప్రాచీన మూలం నుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. మన కళాశాలలో పక్కపక్క తరగతి గదుల్లో వినిపించే రెండు భాషలూ నీడ విషయంలో ఈ విధంగా చుట్టరికం కలుపుకొన్నవి.

అయితే నీడకూ వన్నెకూ ఒకే మాట ఎందుకు ఉండవలెను? వెలుగు తగ్గిన చోట రంగు కూడా తగ్గవలెను గదా అని ఎవరికైనా సందేహం కలుగుతుంది. తోటలు వేసేవారు సైతం సాధారణంగా ఇదే అభిప్రాయంతో ఉంటారు. ఎండ పడే చోట పూలమొక్కలు నాటుతారు. చెట్ల కింది నేలను ఎందుకూ కొరగానిదిగా విడిచిపెడతారు. కాని నీడలో మాత్రమే తన వన్నెను నిలుపుకొని, ఎండ తగిలినంతనే దానిని పోగొట్టుకొనే మొక్క ఒకటి లోకంలో ఉన్నది. ఆ మొక్క స్వభావాన్ని, దాని నుండి మన నిజామాబాదు, బోధన్, పోచంపాడ్ ప్రాంతాల వారు నేర్వదగిన పాఠాన్ని విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హోస్టా – పరిచయం

ఆ మొక్క పేరు హోస్టా. దాని జన్మభూమి జపాను, కొరియా, చైనా దేశాలలోని అడవులు, కొండవాగుల ఒడ్లు. కాండం కనిపించదు. నేలలోని దుంప నుండి కాడలు గుత్తిగా లేచి, వాటి చివర వెడల్పైన ఆకులు విచ్చుకొంటాయి. వేసవిలో తెల్లని లేక లేత ఊదారంగు పూలు పూస్తుంది గాని, దానిని పెంచేవారికి పూల మీద కన్న ఆకుల మీదనే మక్కువ ఎక్కువ.

1823లో నాగసాకి రేవుకు వైద్యుడుగా వెళ్లిన సీబోల్ట్ అనే జర్మన్ పండితుడు అక్కడి మొక్కలను ఎన్నింటినో ఐరోపాకు చేర్చాడు. నీలి ఆకులు గల హోస్టా జాతులలో ముఖ్యమైనదానికి ఆయన పేరే పెట్టారు. 'హోస్టా' అన్న పేరు మాత్రం ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు హోస్ట్ గౌరవార్థం 1812లో ట్రాటినిక్ అనే పండితుడు పెట్టినది. జపానీయులు దీనిని 'గిబోషి' అంటారు. ఆ దేశంలో వసంతకాలంలో వచ్చే లేత మొలకలను కూరగా వండుకొని తింటారు కూడ. మన ఇళ్లలో చామాకును వండుకొనే పద్ధతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఐరోపాలోను, అమెరికాలోను తోటపనివారు ఈ జాతులను సంకరపరచి వేలకొలది రకాలు సృష్టించారు. 1961లో ఎరిక్ స్మిత్ అనే ఆంగ్లేయుడు చేసిన సంకరం నుండి వచ్చిన నీలి ఆకు రకాలు చాల ప్రసిద్ధి పొందినవి. అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాలలో స్థిరపడిన మన తెలుగువారి ఇళ్ల ప్రక్కన, చెట్ల మొదళ్ల చుట్టూ ఇది నేడు సర్వసాధారణంగా కనిపించే మొక్క. వారు పంపే చిత్రాలలో ఆ నీలి ఆకులను చూచి, 'ఇది మన దగ్గర పెరగదా?' అని అడిగేవారు ఉన్నారు.

నీలిమ ఎక్కడిది?

నీలి హోస్టా ఆకులో నీలిరంగు అన్నది లేదు! ఆకు లోపల ఉన్నది అన్ని ఆకులలో ఉండే పచ్చదనమే. ఆకు పైపొర మీద సన్నని మైనపు పూత ఉంటుంది. ఆ పూతలోని అతిసూక్ష్మమైన రవ్వలు తమ మీద పడిన వెలుగును చెదరగొడతాయి. అట్లా చెదరగొట్టడంలో ఎరుపు కన్న నీలం ఎక్కువగా వెనుకకు వస్తుంది. అడుగున ఉన్న ముదురు ఆకుపచ్చతో ఆ నీలిమ కలిసి మన కంటికి నీలి ఆకుగా తోస్తుంది. పొయ్యి నుండి లేచే సన్నని పొగ నల్లని చెట్ల గుబురు ముందు నీలంగా కనిపిస్తుంది. పొగలో నీలిరంగు ఎవరూ కలుపలేదు. ఆకాశపు నీలిమకు కూడ ఇటువంటి కారణమే ఉన్నదని రేలీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1871లో వివరించాడు.

ఈ మైనపు పూతను చూడడానికి మనం జపాను వెళ్ళనవసరం లేదు. బోధన్ చుట్టుపక్కల పుట్టిన బిడ్డకు ఇది పసితనం నుండి పరిచయమే. చెరకు గడను చేతబట్టి చూడండి. ప్రతి కణుపు క్రింద తెల్లని పొడి పట్టీవలె అంటి ఉంటుంది. బొటనవేలితో రుద్దితే పొడి వేలికి అంటుకొని, క్రింద గడ అసలు రంగు బయటపడుతుంది. అది దుమ్ము కాదు, మొక్క తానే తయారుచేసుకొన్న మైనం. 1930ల చివర బోధన్‌లో వెలసి, 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర కర్మాగారం వంటి మిల్లులలో, రసాన్ని శుద్ధి చేయగా మిగిలే మడ్డిలో ఈ మైనమే చేరుతుంది. దానిని వేరుచేసి వాడుకొనే పద్ధతులు కూడ ఉన్నవి.

మరొక ఉదాహరణ మన ఇంటి చూరునే ఉన్నది. బూడిదగుమ్మడికాయకు ఆ పేరు ఎందుకు వచ్చినది? ముదిరిన కాయ మీద బూడిద చల్లినట్లు తెల్లని పూత ఉండడం వల్లనే. మన పూర్వులు ఆ పూతను గమనించి దానినే పేరుగా పెట్టారు. చెరకు మీది తెల్లదనం, గుమ్మడి మీది బూడిద, హోస్టా మీది నీలిమ – ఈ మూడూ మైనపు పూతలే. పూత మందాన్ని బట్టి, రవ్వల పరిమాణాన్ని బట్టి, అడుగున ఉన్న రంగును బట్టి ఒకచోట తెలుపుగా, మరొకచోట నీలంగా కనిపిస్తున్నది.

వన్నె నిలిచే విధం

పూతవలన వచ్చిన వన్నె గనుక, పూత పోతే వన్నె పోతుంది. హోస్టా ఆకు వసంతంలో విచ్చుకొన్నప్పుడు పూత నిండుగా ఉండి నీలంగా మెరుస్తుంది. పోను పోను ఎండవేడికి ఆ మైనం కరుగుతుంది. వానచినుకుల తాకిడికి రాలుతుంది. చేతులు తగిలితే తుడుచుకొనిపోతుంది. వేసవి ముగిసేసరికి చాల రకాలు సాధారణమైన ఆకుపచ్చకు దిగుతాయి. కనుక దీనిని పెంచేవారు పాటించే నియమాలు అన్నీ ఆ పూతను కాపాడేవే.

మొదటిది స్థలం. ఉదయపు లేత ఎండ రెండు మూడు గంటలు తగిలి, మధ్యాహ్నం నుండి నీడ ఉండే చోట నాటుతారు. రెండవది నీరు. నీటిని ఆకుల మీద చల్లక మొదటిలో పోస్తారు. మూడవది నేల. కుళ్ళిన ఆకుల ఎరువు బాగా కలిపి, తేమ నిలిచి, నీరు మాత్రం నిలువకుండ మడిని సిద్ధపరుస్తారు. నాలుగవది రక్షణ. గుల్లలేని నత్తలు రాత్రివేళ ఆకులను తొలిచివేస్తాయి గనుక వాటిని ఏరివేస్తారు. అయిదవది సంయమనం. ఆకులను తడుమరాదు, మెరుపు కోసం నూనె రాయరాదు, పురుగుల కోసం నూనెమందులు చల్లరాదు. మనకు అలవాటైన వేపనూనె సైతం ఇటువంటి ఆకుల మీది పూతను పాడుచేస్తుంది.

ఇందులో ఎరువుల రహస్యం గాని, ఖరీదైన మందు గాని లేదు. తగిన చోట నాటి, మొదలు తడిపి, ఆకును దాని మానాన విడిచిపెట్టడమే ఉన్నది.

మన నేలలో ఎందుకు పెరగదు?

ఇంత వర్ణించిన తరువాత దానిని తెప్పించి నాటుదామని తోచడం సహజం. 'పొరుగింటి పుల్లకూర రుచి' అన్న సామెత ఊరకనే పుట్టలేదు. కాని హోస్టా చలి దేశాల మొక్క. శీతకాలంలో దాని ఆకులు పూర్తిగా వాడిపోతాయి; నేలలోని దుంప నిద్రిస్తుంది. ఆ నిద్రకు కొన్ని వారాలపాటు సుమారు 5 డిగ్రీల సెల్సియస్‌కు లోబడిన చలి అవసరం. ఆ విశ్రాంతి లభించని మొక్క ఏటేటా చిక్కిపోయి చివరకు నశిస్తుంది.

నిజామాబాదులో డిసెంబరు, జనవరి మాసాలలో సైతం పగటి వేడిమి సుమారు 28, 29 డిగ్రీలు ఉంటుంది. రాత్రుల చలి దుంపను నిద్రబుచ్చడానికి చాలదు. ఇక మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులున్నవి. పోచంపాడ్ వద్ద 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన గోదావరి ప్రాజెక్టు మన చేలకు నీరు తేగలిగినది గాని, ఏ ప్రాజెక్టూ చలికాలాన్ని తేలేదు. నీరు పోసినంత మాత్రాన ప్రతి మొక్కా బ్రతకదు.

ఇక్కడ విద్యార్థులకు ఒక హెచ్చరిక చేయడం అవసరం. అంతర్జాలపు అంగళ్లలో రంగులద్దిన చిత్రాలు పెట్టి 'నీలి హోస్టా విత్తనాలు' అమ్మజూపుతుంటారు. నీలి హోస్టా రకాలు విత్తనం నుండి తల్లిగుణంతో రావు. దుంపను పిలకలుగా విడదీసి గాని, ప్రయోగశాలలో కణజాలం నుండి గాని వాటిని వృద్ధిచేస్తారు. కనుక ఆ పొట్లం కోసం పెట్టిన డబ్బు నీలి ఆకుగా తిరిగిరాదని గ్రహించవలెను.

నీడలో పండే మన పంటలు

హోస్టా పెరగనంత మాత్రాన నీడ తోట మనకు అందనిది కాదు. నీడను వాడుకోవడంలో మన రైతు ఎవరికీ తీసిపోడు. ఆర్మూరు ప్రాంతపు పసుపు చేనును చూడండి. పసుపు సాళ్ల నడుమ మక్క వేయడం అక్కడ వాడుక. మక్కచేను ఎత్తుగా ఎదిగి, లేత పసుపు మొక్కకు తొలి మాసాలలో పలుచని నీడ ఇస్తుంది. మక్క కోసిన తరువాత పసుపు విస్తరిస్తుంది. మామిడితోటల నడుమ కూడ పసుపు వేసేవారున్నారు. జనవరి మొదలు ఆకు ఎండి, తవ్వకం ముగిసిన పిమ్మట, విత్తనానికి ఎంచిన కొమ్ములను చెట్టు నీడన కుప్పవోసి పసుపాకుతో కప్పి ఉంచుతారు. హోస్టా దుంప మంచు క్రింద నిద్రిస్తే, మన పసుపు కొమ్ము వేసవిలో చెట్టునీడన నిద్రిస్తున్నది. కాలాలు వేరు గాని నిద్ర ఒక్కటే! కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం నెలకొన్నదీ, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైనదీ ఈ పంట ఈ నేలకు ఎంతగా ఇమిడినదో చాటుతున్నవి.

ఆంధ్ర ప్రాంతంలో తమలపాకు తోటల రైతులు ముందుగా అవిసె చెట్లు పెంచి, వాటిమీదికి తీగను ప్రాకిస్తారు. అవిసె తీగకు ఊతం మాత్రమే కాదు, నీడ కూడ. కోనసీమలో కొబ్బరిచెట్ల నడుమ కంద పండిస్తారు. వీరెవ్వరూ నీడను శత్రువుగా చూడలేదు. ఎంత నీడ ఏ మొక్కకు తగునో తెలుసుకొని వాడుకొన్నారు.

నీడమొక్కకు ఆ శక్తి ఎట్లా వస్తుందని విద్యార్థులు అడుగవచ్చును. ఎండలో పెరిగే ఆకు చిన్నదిగా, దళసరిగా ఉంటుంది. నీడలో పెరిగే ఆకు వెడల్పుగా, పలుచగా, ముదురు పచ్చగా ఉండి, లభించిన కొద్దిపాటి వెలుగునే పట్టుకొంటుంది. దీనికోసం రెండు మొక్కలను చూడనక్కరలేదు. ఒకే మామిడిచెట్టు పైకొమ్మ చివర ఎండలో ఉన్న ఆకును, లోపలి గుబురులోని ఆకును కోసి పక్కపక్కన పెట్టి చూస్తే భేదం తెలుస్తుంది.

చామ – మన ముంగిటి నీలి ఆకు

హోస్టాకు బదులుగా మన నీడ తోటలో ప్రధాన స్థానం ఇవ్వదగినది చామ. గ్రంథాలలో దీనిని చేమ అంటారు, మన ప్రాంతంలో చామగడ్డ, ఉర్దూలో అర్వీ. 'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అన్నట్లు, కూరగాయల గంపలో రోజూ కనిపిస్తుంది గనుక దీనిని అలంకారపు మొక్కగా ఎవరూ తలచరు. కాని దీనిని కూడ ఆకు అందం కోసం కుండీలలో, కొలనుల ఒడ్డున పెంచే దేశాలున్నవి.

చామ ఆకు ఏనుగు చెవివలె వెడల్పైనది. దాని మీద కూడ సన్నని మైనపు పూత ఉన్నది. ఆ పూతవలన ఆకు పైభాగం వెలసిన పచ్చగా, ఒక కోణం నుండి చూస్తే వెండి నీలంగా తోస్తుంది. హోస్టావలె నిండు నీలం కాదు గాని, చామకు మరొక విశేషం ఉన్నది. నీటిబొట్టు దాని మీద పడితే తడి అంటదు, ముత్యంవలె దొర్లిపోతుంది. పోతూ పోతూ ఆకు మీది దుమ్మును కూడ వెంట తీసుకొనిపోతుంది. తామరాకు మీది నీటిబొట్టును మన కవులు వేల ఏళ్లుగా ఉపమానంగా వాడుతున్నారు. ఆ ఆకు ఉపరితలంలోని సూక్ష్మమైన గుబ్బలు, వాటి మీది మైనపు రవ్వలు కలిసి దానిని శుభ్రపరుస్తున్నవని బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 1997లో వివరించారు. చామ ఆకులోనూ ఈ గుణమే ఉన్నది. బస్సులు, లారీలు తిరిగే రోడ్డుపక్కన ఉన్న ఆవరణలకు తన దుమ్మును వానతో తానే కడుగుకొనే ఆకు కన్న తగినది ఏమున్నది?

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగం చేయవచ్చును. ఒక చామాకు సగభాగాన్ని మెత్తని దూదితో కొద్దిసేపు రుద్దండి. తరువాత రెండు సగాల మీద ఒక్కొక్క నీటిబొట్టు వేయండి. రుద్దని వైపు బొట్టు గుండ్రంగా దొర్లుతుంది. రుద్దిన వైపు పరచుకొని అంటుకొంటుంది. హోస్టా ఆకును ఎందుకు తాకరాదో ఈ ఒక్క బొట్టు బోధిస్తుంది. అయితే చామ రసంలో సూదులవంటి ఆక్సలేటు స్ఫటికాలుంటాయి; చర్మానికి దురద పుట్టిస్తుంది. ఆకు కోసిన తరువాత చేతులు కడుగుకొనవలెను. పచ్చి ఆకును నోట పెట్టరాదు. బాగా ఉడికించి, చింతపండు చేర్చి వండడంలో మన పెద్దల వివేకం ఉన్నది.

నీడను కొలవడం

నీడ తోటకు మొదటి పని నాటడం కాదు, చూడడం. ఒక సెలవుదినాన ఉదయం 8 గంటల నుండి సాయంత్రం 5 గంటల వరకు, గంట గంటకు చెట్టు నీడ అంచును నేలమీద ముగ్గుపిండితో గుర్తించండి. రోజంతా నీడలో ఉన్న భాగం, ఉదయం మాత్రమే ఎండ తగిలిన భాగం, మధ్యాహ్నపు ఎండ తగిలిన భాగం – ఈ మూడూ స్పష్టంగా విడిపోతాయి. ఉదయపు ఎండ భాగం చామకు, పసుపుకు శ్రేష్ఠం. నిండు నీడ భాగం ఫెర్ను మొక్కలకు, మనీప్లాంటు తీగకు తగును. మధ్యాహ్నపు ఎండ భాగాన్ని ఆకు తోటకు వాడరాదు.

ఈ కొలతను సంవత్సరంలో రెండుసార్లయినా తీయవలెను. నిజామాబాదు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నది. అందువలన మే మధ్య నుండి జూలై చివర వరకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా సాగిపోతాడు. భవనానికి ఉత్తరపు వసారా ఏడాది పొడవునా నీడే అనుకొని మొక్కలు పెట్టినవారు మే, జూన్ నెలలలో ఆకులు మాడడం చూచి ఆశ్చర్యపడతారు. భూగోళ పాఠంలో చదివిన కర్కటరేఖ వైపు ప్రయాణం వసారాలోని కుండీ మీద ఈ విధంగా తన గుర్తు వేస్తుంది.

చెట్లను బట్టి కూడ నీడ మారుతుంది. వేప మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చి, ఉగాది నాటికి చిగిర్చి, చిరుగాలికి కదిలే పలుచని నీడ ఇస్తుంది. కానుగ వేసవిలో చిక్కని నీడ ఇస్తుంది. చింత క్రింద మొక్కలు అంతగా ఎదగవన్నది రైతుల అనుభవం. కనుక మొదటి నీడ తోటకు వేప క్రింది నేల ఉత్తమం.

తోట వేసే క్రమం

తొలకరి వానలు పడిన తరువాత, జూన్ చివర గాని జూలైలో గాని పని ప్రారంభించవలెను. చెట్టు మొదటిని ఆనుకొని త్రవ్వరాదు. పెద్ద వేళ్లను నరకరాదు. మొదటి చుట్టూ మట్టి కుప్పవోయరాదు. మొదలు నుండి కొన్ని అడుగులు విడిచి, వేళ్ల సందులలో జానెడు లోతు చిన్న గుంటలు తీయవలెను. నల్లరేగడి అయితే నీరు పట్టి ఉంచుతుంది గాని ఎండితే పగులుతుంది. చెలక నేల అయితే నీటిని త్వరగా విడుస్తుంది. రెండింటికీ మందు ఒక్కటే – బాగా చివికిన పశువుల ఎరువు, ఆకు ఎరువు.

రైతుబజారులో మొలక కన్ను గల చామగడ్డలను ఎంచి తెచ్చి, గుంటకొకటి చొప్పున, మూరెడు దూరంలో నాటవలెను. పసుపు కొమ్ములను ముందు వరుసలో నాటవచ్చును. అంచున వామాకు, గట్టి ఆకుల చాగ మొక్క ఉంచితే సంవత్సరమంతా నేల బోసిపోదు. నాటిన వెంటనే రాలిన వేపాకును రెండు అంగుళాల మందాన పరచవలెను. అది తేమను కాపాడుతుంది, కలుపును అణచుతుంది, కుళ్ళి ఎరువవుతుంది. ఊడ్చి తగులబెట్టే ఆకు ఇట్లా తిరిగి నేలకు చేరుతుంది.

శ్రావణ, భాద్రపదాలలో వానే నీరు పోస్తుంది. తరువాత నేలను చూచి, వారానికి రెండు మూడుసార్లు మొదళ్లలో పోస్తే చాలును. నీరు నిలిచి దోమలకు తావు కాకూడదు. నాటిన అయిదారు మాసాలకు చామ ఆకులు పసుపువారి ఒరిగిపోతాయి. మొక్క చచ్చినదని బెంగపడి నీళ్లు గుమ్మరించరాదు. అది దాని నిద్రాకాలం. గడ్డలను త్రవ్వి కొన్నింటిని విత్తనానికి నీడన దాచవచ్చును; మిగిలినవి వండుకొనవచ్చును. వేసవి మాసాలలో చాగ, మనీప్లాంటు, కుండీలలోని ఫెర్నులు తోటను నిలుపుతాయి. మరల తొలకరికి మరల ఆకు.

ఒక విన్నపం

కళాశాల ఆవరణను అందగించవలెనన్న కోరిక కలిగినప్పుడల్లా ఒక ఆలోచన వినవస్తుంటుంది – వేపచెట్ల కొమ్మలు కొట్టించి, నేలకు ఎండ తెప్పించి, పచ్చికను, గులాబీ మడులను వేయవలెనని. ఉద్దేశం మంచిదే. కాని పచ్చికకు ఎండతోపాటు నిత్యం నీరు కావలెను. మే నెలలో తాగునీటికే వెదుకులాడే ఊళ్లలో అది భారం. గులాబీకి మన వేసవి కఠినమైనది. పోగా, కొమ్మ నరకడానికి ఒక పూట చాలును. ఆ కొమ్మ మరల ఆ నీడ ఇవ్వడానికి ఏండ్లు పడుతుంది.

ఆ నీడలో ఎవరుంటారో కమిటీ పెద్దలకు తెలియనిది కాదు. తెల్లవారకముందే బస్సెక్కి పల్లెల నుండి వచ్చే విద్యార్థులు మధ్యాహ్నం సద్దిమూట విప్పేది ఆ చెట్ల క్రిందనే. పరీక్షల రోజులలో, మార్చి ఎండలో, చివరి గంట వరకు పుస్తకం తిరగవేసేది అక్కడనే. ప్రవేశాల నాడు బిడ్డల సర్టిఫికెట్లు చేతబట్టుకొని తల్లిదండ్రులు వేచి ఉండేదీ అక్కడనే. తోట కోసం ఆ నీడను వెచ్చించనవసరం లేదని, ఆ నీడలోనే తోట వేయవచ్చునని చూపడానికే ఇంత విస్తరించి వ్రాయవలసి వచ్చినది. పది కిలోల చామగడ్డలు, ఒక బండి ఎరువు, కొందరు విద్యార్థుల శ్రమ – ఇంతకు మించి ఖర్చు లేదు. ఒక వేపచెట్టు క్రింద ఒక వానకాలం పరీక్షించి చూచి, ఆపై నిర్ణయించవలెనని నా మనవి.

'మర్రిచెట్టు నీడలో మరొక చెట్టు ఎదగదు' అంటారు. చెట్టు ఎదగకపోవచ్చును. కాని నీడకు తగిన మొక్క నీడలో ఎదుగుతుంది. ఎదగడమే కాదు, కొన్ని వన్నెలు అక్కడనే నిలుస్తాయి. ఛాయ అన్న ఒక్క మాటలో నీడనూ వన్నెనూ కలిపి ఉంచిన భాష మనది. ఆ మాటలోని సత్యాన్ని ఈ తొలకరికి మన ఆవరణలో నాటి చూచుకొందము గాక!